రాత్రంతా పళ్లు కొరుకుడు, పొద్దున దవడ నొప్పి: నైట్‌గార్డ్ మెత్తదా, గట్టిదా?

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ:

అందరికీ నమస్తే. నాకు నలభై దాటాయి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. వడ్ల సీజన్ మొదలైతే మాకు రాత్రీ పగలూ తేడా ఉండదు. గేటు బయట లారీలు లైను కడతాయి. తేమ 17 శాతం దాటిందని మేమంటాం, దాటలేదని వాళ్లంటారు. తరుగు ఎక్కువ తీశారని ఒకాయన కాంటా దగ్గరే కూర్చుంటాడు. మధ్యలో సీఎంఆర్ బియ్యం, అంటే సర్కారు వడ్లు ఆడించి తిరిగి ఇవ్వాల్సిన బియ్యం, గడువు దగ్గర పడిందని ఫోన్లు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పంటి డాక్టరు మొట్టమొదట అడిగిన మాట ‘ఏమైనా టెన్షన్ ఉందా’ అని. మా మిల్లులో టెన్షన్ లేనివి ఎలుకలే.

సంగతి ఏమిటంటే నేను నిద్రలో పళ్లు కొరుకుతానట. నాకు తెలియదు. కంకర మీద ట్రాక్టర్ పోతున్నట్టు చప్పుడు వస్తుందని మా ఇంటావిడ అంటుంది. నాకు తెలిసేది పొద్దున. లేవగానే రెండు చెవుల ముందూ పట్టేసి ఉంటుంది, కణతలు లాగుతుంటాయి, నోరు పెద్దగా తెరిస్తే కుడివైపు టక్కుమంటుంది. టిఫిన్ టైముకు కొంచెం సర్దుకుంటుంది. సాయంత్రం లెక్కలు ముగించేసరికి మళ్లీ మొదలు. చెవి పోటేమో అని ముందు చెవి డాక్టరుకే చూపించాం. చెవిలో ఏమీ లేదు, పళ్లు చూపించుకోండి అన్నారు. అక్కడ చూస్తే కింది ముందు పళ్లు అరిగిపోయి అంచులన్నీ సమానంగా ఉన్నాయి. వెనక పంటికి రూట్ కెనాల్ చేసి వేసిన సిరామిక్ క్యాప్ ఒక మూల పెచ్చు లేచింది. చల్లటి నీళ్లు తాగితే అరిగిన ముందు పళ్లు జివ్వుమంటున్నాయి.

రాత్రి పడుకునేటప్పుడు పళ్లకు తొడుక్కునే నైట్‌గార్డ్ పెట్టుకోమన్నారు. ఇక్కడే నాకు తల తిరుగుతోంది. మెత్తదైతే రెండు వేలు, గట్టిదైతే ఐదు వేలు అన్నారు. తేడా ఏమిటి సార్ అంటే ‘గట్టిది మంచిది’ అని ఊరుకున్నారు. ఆన్‌లైన్‌లో వేడి నీళ్లలో ముంచి కొరికి పెట్టుకునేవి మూడు నాలుగు వందలకే దొరుకుతున్నాయి. మా బావమరిది అది తెప్పించుకో చాలు అంటున్నాడు. హమాలీ మేస్త్రీ అయితే ‘కడుపుల పురుగులున్నయి సార్, గోలీ వేసుకో’ అని తేల్చేశాడు.

ఇంతకీ గార్డు పెట్టుకుంటే కొరకడం ఆగుతుందా? నాకు బ్రష్ కాస్త లోపలికి పోతేనే డోకు వస్తుంది, నోట్లో ప్లాస్టిక్ ముక్కతో నిద్ర ఎలా పడుతుంది? జీవితాంతం పెట్టుకోవాలా? వాడినవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి. లింకులు వద్దు.


ఇద్దరు పిల్లల తల్లి, నాగర్‌కర్నూల్:

పురుగుల మాట మా ఇంట్లో కూడా రోజూ ఉండేది. మా చిన్నోడు బడిలో చేరిన ఏడాది రాత్రి పళ్లు పటపటా కొరికేవాడు. మా అత్తమ్మ పురుగులే అని పట్టుబట్టింది. ఫిబ్రవరి 10న బడిలో అందరికీ ఇచ్చే ఆల్బెండజోల్ గోలీ వాడూ నమిలాడు. అది పురుగులకు మంచిదే, అందరు పిల్లలూ వేసుకోవాల్సిందే. కానీ వీడి కొరుకుడు మాత్రం ఎక్కడికీ పోలేదు. పిల్లల డాక్టరు చెప్పిందేమిటంటే, పాల పళ్లు ఉన్న వయసులో చాలామంది కొరుకుతారు, కొత్త పళ్లు వచ్చేకొద్దీ చాలావరకు దానంతట అదే తగ్గుతుంది, దవడ పెరుగుతున్న వయసు కాబట్టి మామూలుగా గార్డులు కూడా వేయరు అని. ఇప్పుడు వాడు కొరకడం లేదు. పెద్దవాళ్ల సంగతి నాకు తెలియదు అన్నా. మేస్త్రీ మాట మీద మందుల షాపుకు మాత్రం పోకండి.


ల్యాబ్ పని, పాలమూరు:

అన్నా, నేను డాక్టర్ని కాదు. మహబూబ్‌నగర్‌లో ఒక డెంటల్ ల్యాబ్‌లో పని చేస్తాను. క్లినిక్‌ల నుంచి వచ్చే కొలతల మీద పళ్ల సెట్లు, క్యాపులు, నైట్‌గార్డులు చేసేది మేం. జడ్చర్ల, వనపర్తి, షాద్‌నగర్ వైపు నుంచి అట్టపెట్టెల్లో మోడళ్లు వస్తుంటాయి. జబ్బు సంగతి డాక్టర్లను అడగండి, ఆ ప్లాస్టిక్ ముక్క సంగతి నన్నడగండి.

కొరకడం ఆగుతుందా అన్నారు. ఆగదు. గార్డు పని అది కాదు. నిద్రలో మనకు తెలియకుండా మెదడు కొద్దికొద్దిగా మేలుకుంటూ ఉంటుంది, అప్పుడే దవడ కండరాలు బిగుస్తాయని డాక్టర్లు చెబుతారు. పైనుంచి వచ్చే ఆర్డరును నోట్లో పెట్టిన ముక్క ఎక్కడ ఆపుతుంది? అది పంటికీ పంటికీ మధ్య నిలబడి తాను అరుగుతుంది. ఒక్క పంటి మీద పడే బలాన్ని అన్ని పళ్ల మీదికీ పంచుతుంది. దాంతో చాలామందికి పొద్దున పట్టేయడం తగ్గుతుంది, కొందరికి తగ్గదు. కానీ పళ్లు మాత్రం మిగులుతాయి.

మా టేబుల్ మీదికి వాడిన గార్డులు రిపేరుకు వస్తాయి. ఈ మధ్య వచ్చినదాన్ని లైటు కింద పెట్టి చూశాను. పైభాగమంతా సన్నటి గీతలు, ఎడమ కోరపన్ను దగ్గర గోరు ఆనేంత లోతుగా గుంట. గాజులా ఉండాల్సిన అక్రిలిక్ అక్కడ తెల్లగా మసకబారింది. ఆ మనిషి గార్డు పెట్టుకోకపోతే ఆ గుంట పంటికి పడి ఉండేది. అక్రిలిక్ అయితే మేం మళ్లీ పోసి నింపుతాం. పంటి పైపొర ఎనామిల్ పోతే మళ్లీ పెరగదు.

ఇక మెత్తదీ గట్టిదీ. చేసే పద్ధతి తెలిస్తే ధర ఎందుకు తేడానో మీకే తెలుస్తుంది. మెత్తదానికి ఈవీఏ అనే మెత్తటి ప్లాస్టిక్ షీటు వస్తుంది, అరచేయంత, 2 లేదా 3 మిల్లీమీటర్ల మందం. వాక్యూమ్ మిషన్‌లో హీటర్ కింద బిగిస్తాం. వేడికి మధ్యలో జారి వేలాడుతుంది. అప్పుడు కిందికి దించి స్విచ్ వేస్తే గాలి లాగేసి మీ పళ్ల మోడల్‌కు అతుక్కుంటుంది. చల్లారాక కత్తిరించి అంచులు నున్నగా చేయడమే, టీ తాగినంత సేపట్లో అయిపోతుంది. పెట్టుకోవడానికి కూడా హాయిగానే ఉంటుంది. చిక్కెక్కడంటే, మెత్తగా తగిలేసరికి కొందరు నిద్రలో దాన్ని ఇంకా నములుతారు. మీలా క్యాపు పెచ్చు లేపేంత గట్టిగా కొరికేవాళ్లయితే దానికి తొందరగానే చిల్లు పడుతుంది. కొరుకు ఎక్కడైనా ఎత్తుగా తగిలితే రుద్ది సరిచేయడం కూడా కష్టం, రుద్దే మిషన్ పెడితే పీచు లేస్తుంది.

గట్టిదానికి పై దవడ, కింది దవడ రెండింటి కొలతలూ కావాలి. రెండూ ఎలా కలుస్తాయో మైనం కొరికించి తీసిన బైటు కూడా కావాలి. వాటిని ఆర్టిక్యులేటర్‌కు బిగిస్తాం, అంటే తెరిచి మూసే ఇనుప దవడ అనుకోండి. మోడల్ మీద మైనంతో గార్డు ఆకారం చేసి, ఫ్లాస్కులో ప్లాస్టర్ మధ్య పెట్టి, మైనాన్ని మరిగే నీళ్లతో కడిగేసి, ఆ ఖాళీలో రంగు లేని అక్రిలిక్ ముద్ద నింపి బిగించి, నీళ్లలో గంటల తరబడి ఉడికిస్తాం. ముసలివాళ్ల పళ్ల సెట్టులో గులాబీ రంగు ప్లేటు ఉంటుందే, అదే సరుకు, దీనికి రంగు కలపరు. తీశాక రుద్దడం, ప్యూమిస్ పొడి పట్టించడం, బఫ్ మీద మెరుగు పెట్టడం. చేతిపని కాబట్టి ఆ ధర.

ఉడికించకుండా పొడీ ద్రవం కలిపి అలాగే గట్టిపడనిచ్చే రకం కూడా ఉంది. దాంట్లో ద్రవం కొంచెం ఎక్కువ మిగులుతుంది, కొత్తలో ఘాటు వాసన వస్తుంది. మీకిచ్చింది అలా వాసన కొడితే పెట్టుకునే ముందు ఒకటి రెండు రోజులు మామూలు నీళ్లలో ఉంచండి. పెట్టుకున్నాక చిగుళ్లు మండితే వెంటనే డాక్టరుకు చెప్పండి, కొందరికి పడదు. ఇంకోటి, లోపల మెత్తగా బయట గట్టిగా ఉండే రెండు పొరల షీటు. పంటికి మెత్తగా పట్టుకుంటుంది, కొరికే వైపు గట్టిగా ఉంటుంది. గట్టిది అస్సలు పెట్టుకోలేను అనేవాళ్లకు డాక్టర్లు అది రాస్తారు.

ఏది చేయించినా మీరు డాక్టరును గట్టిగా అడగాల్సింది ఒకటుంది. గార్డు చేతికిచ్చి పంపించేస్తారా, కూర్చోబెట్టి నీలం కాగితం పెట్టి చూస్తారా? ఆ కాగితం మధ్యలో పెట్టి కొరకమంటారు. గార్డు మీద నీలి చుక్కలు పడతాయి. ఒకచోట ముదురుగా, మిగతాచోట లేతగా పడితే ఆ ముదురు చుక్క దగ్గర ఎత్తు ఉన్నట్టు. అక్కడ రుద్ది మళ్లీ కాగితం పెడతారు. వెనక పళ్లకు రెండు వైపులా ఒకే తీరుగా చుక్కలు పడేదాకా ఇదే పని. తర్వాత దవడను పక్కకు జరపమంటారు. అప్పుడు మామూలుగా కోరపన్ను దగ్గరే గీత పడాలి, వెనకవి విడిపోవాలి. మేం ల్యాబ్‌లో ఎంత జాగ్రత్తగా చేసినా ఇనుప దవడ మీ దవడ కాదు కదా, ఈ పని కుర్చీలోనే జరగాలి. ఒకటి రెండు వారాల తర్వాత మళ్లీ పిలిచి చూసే డాక్టరు దగ్గరే చేయించుకోండి, వెయ్యి ఎక్కువైనా సరే.

వేడి నీళ్ల రకానికి ఈ కాగితం చూసేవాడే ఉండడు. మీరు ఎలా కొరికితే అలా గట్టిపడుతుంది, ఒకవైపు పల్చగా ఒకవైపు లావుగా. వెనక చివర పొడవు మిగిలి గొంతుకు తగులుతుంది, మీకసలే డోకు. ముందు పళ్లకు మాత్రమే పెట్టుకునే చిన్న ముక్కలు కూడా అమ్ముతున్నారు. డాక్టరు కనిపెట్టి చూడకుండా వాటిని నెలల తరబడి వాడితే, ఏ ఆనుపూ లేని వెనక పళ్లు మెల్లగా ఎదుటి పళ్ల వైపు లేచి, ముందు పళ్లు కలవకుండా పోయే ప్రమాదం ఉంది. వేడి నీళ్లది కబడ్డీ ఆడేటప్పుడు పెట్టుకోవడానికి బాగుంటుందని మీ బావమరిదికి చెప్పండి.

అసలు మాట మర్చిపోయాను. పెచ్చు లేచిన ఆ క్యాపు ముందు మార్పించండి. ఆ తర్వాతే గార్డుకు కొలత ఇవ్వండి. ముందు గార్డు చేయించి తర్వాత క్యాపు మారిస్తే కొత్త క్యాపు మీద పాత గార్డు కూర్చోదు. ఇలా వెనకా ముందూ అయిన కేసులు మా దగ్గరికి చాలా వస్తాయి, పాపం మనుషులకు డబ్బులు దండగ.

డోకు గురించి: గార్డు అంగిలి నిండా ఉండదు, పళ్ల వరసంత మేరకే ఉంటుంది. కష్టమల్లా కొలత ఇచ్చేటప్పుడు. కడుపు నిండా తిని వెళ్లకండి. ట్రేలో పేస్టు పెట్టినప్పుడు తల ముందుకు వంచి ముక్కుతో గాలి పీలుస్తూ ఉండండి, రెండు మూడు నిమిషాల్లో గట్టిపడుతుంది. మీకు డోకు ఎక్కువని ముందే చెబితే కింది దవడకు చేస్తారు, లేదా నోట్లో స్కానర్ తిప్పి కొలత తీసే క్లినిక్‌కు పంపుతారు.


చండూరు టైలరక్క:

మిల్లు తమ్ముడూ, నీది రాత్రి కథ, నాది పగటి కథ. అయినా నీకు పనికొస్తుంది, సాయంత్రం మళ్లీ మొదలవుతుందని రాశావు కాబట్టి చెబుతున్నా.

మా ఊళ్లో నాలుగు మాటలు మాట్లాడితే నీళ్ల మాట వస్తుంది. మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు మా వయసువాళ్లం ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి పెరిగాం. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చేసరికే మా పళ్లు వచ్చేసి ఉన్నాయి. నా ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు, వెనక పళ్ల మీద గుంటలు. నేను పళ్లు కొరకడానికి కూడా ఫ్లోరైడే కారణం అనుకునేదాన్ని. కాదమ్మా, ఫ్లోరైడ్ కొరికించదు, అయితే ఇట్లాంటి పళ్ల మీద ఎనామిల్ పెళుసుగా ఉంటుంది, అట్లాంటి పళ్లను కొరికితే పెచ్చులు తొందరగా లేస్తాయి అని డాక్టరమ్మ చెప్పింది. మన జిల్లావాళ్లు పళ్లు అరిగాయంటే తేలిగ్గా తీసుకోకూడదు అని నేను అందుకే అంటాను.

ఆమె రెండోది అడిగింది, ఏం పని చేస్తావు అని. బ్లౌజులు కుడతా అన్నాను. ‘గుండుసూదులు ఎక్కడ పెట్టుకుంటావు?’ పెదాల మధ్య. ‘దారం దేనితో తెంపుతావు?’ పళ్లతో. నవ్వింది. ఆ తర్వాత మిషన్ తొక్కుతున్నప్పుడు నీ పళ్లు కలిసి ఉంటాయా, విడిగా ఉంటాయా, ఇంటికి పోయి చూసుకో అంది. చూసుకుంటే ఏముంది, చంక కుట్టు వచ్చిందంటే చాలు, పళ్లు బిగపట్టే ఉన్నా. మామూలుగా అన్నం నమిలేటప్పుడు, గుటక వేసేటప్పుడు తప్ప పై పళ్లూ కింది పళ్లూ తగలనే కూడదట. నాకు ఆ సంగతే తెలియదు.

మిషన్ తల మీద, సూది పక్కనే, ఎర్ర బొట్టుబిళ్ల అంటించాను. కళ్లు దాని మీద పడ్డప్పుడల్లా చూసుకోవాలి: పెదాలు మూసి ఉండాలి, పళ్లు విడిగా ఉండాలి, నాలుక ‘న’ అనేటప్పుడు ఎక్కడ ఆనుతుందో అక్కడ ఆని ఉండాలి. భుజాలు కూడా కిందికి జారవిడవాలి. మొదట్లో చూసిన ప్రతిసారీ బిగపట్టే ఉండేది. ఇప్పుడు కూడా పెళ్లిళ్లప్పుడు, బతుకమ్మ ముందు బిగుస్తుంది, కానీ నాకు తెలుస్తుంది. దారానికి చిన్న కత్తెర మెడలో వేలాడదీసుకున్నా, సూదులకు మణికట్టుకు దిండు కట్టుకున్నా.

దవడ బాగా పట్టేసిన రోజు ఇస్త్రీపెట్టె కింద తడిగుడ్డ వేడి చేసి, చేతి వెనక తాకించి చూసుకుని, చెవి ముందు కాపడం పెడతాను. ఆ రోజుల్లో సకినాలు, మక్కకంకి, నల్లిబొక్క ముట్టను. జొన్నరొట్టె పప్పులో నానబెట్టుకుని తింటా. మా ఆయనకు నవ్వులాట. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టుకోమన్నారు, నోరు బార్లా తెరుచుకోకుండా. రాత్రికి గట్టి గార్డు ఉంది నాకు. ల్యాబ్ తమ్ముడు చెప్పనిది ఒకటుంది, పెట్టుకున్న కొత్తలో నోరంతా ఊట, దిండు తడిసేది, మాట ముద్దగా వచ్చేది. తర్వాత అలవాటైంది. దవడ టక్కుమనడం ఇప్పటికీ ఉంది. నొప్పి లేని టక్కుకు వైద్యం అక్కర్లేదన్నారు, నేనూ పట్టించుకోవడం మానేశా.


పంటి డాక్టర్, నల్లగొండ:

పైన చెప్పినవి సరిగానే ఉన్నాయి. ఇంకొన్ని కలుపుతాను.

గుమస్తా గారూ, మీ మూడు వేళ్లు నిలువుగా కలిపి ముందు పళ్ల మధ్య పెట్టి చూడండి. పట్టాలి. పట్టకపోతే, అందులోనూ గుట్కా, వక్కపొడి అలవాటు ఉండి కారం తగిలితే నోరు మండుతుంటే, అది కొరుకుడు నొప్పి కాకపోవచ్చు. బుగ్గ లోపలి పొర బిగుసుకుపోయే జబ్బు వేరే ఉంది, అది క్యాన్సర్‌కు దారితీయగలదు. మన వైపు అలాంటివాళ్లు దవడ నొప్పి అనే వస్తారు. గార్డు సంగతి తర్వాత, ముందు నోరు చూపించుకోవాలి.

గురక గట్టిగా ఉండి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి, పగలు కూర్చున్నచోటే కునుకు వస్తుంటే కొలత తీసే ముందే మాకు చెప్పాలి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లలో పళ్లు కొరకడం కూడా తరచుగా కనిపిస్తుంది, మామూలు గార్డు కొందరిలో ఆ జబ్బును పెంచవచ్చు. డిప్రెషన్‌కు, ఆందోళనకు వాడే కొన్ని మందులు మొదలుపెట్టాక కూడా కొరుకుడు వస్తుంది. అలాంటిది అనిపిస్తే మందు మీరే ఆపకండి, రాసిన డాక్టరుకు చెప్పండి. రాత్రి పొద్దుపోయాక టీ కాఫీలు, సిగరెట్, మద్యం, ఇవన్నీ కొరుకుడును పెంచేవే.

కండరం నొప్పి పంటి నొప్పిలా అనిపిస్తుంది. ఎక్స్‌రేలో ఏమీ లేకుండా ‘ఈ పన్నుకు కూడా రూట్ కెనాల్ చేద్దాం’ అంటే ఇంకో డాక్టరును అడగండి. కొరుకు సరిచేస్తామని ఉన్న పళ్లను రుద్దడానికి కూడా తొందరపడి ఒప్పుకోవద్దు, రుద్దిన పన్ను తిరిగి రాదు. గార్డు నచ్చకపోతే తీసి పక్కన పెట్టొచ్చు. దవడ తెరుచుకుని ఇరుక్కుపోయినా, వాపూ జ్వరమూ ఉన్నా ఆగకుండా రావాలి. మెట్లెక్కినప్పుడు, బరువు మోసినప్పుడు మాత్రమే దవడ లాగుతూ చెమటలు పడితే పంటి డాక్టరు దగ్గరికి కాదు, గుండె డాక్టరు దగ్గరికి పోవాలి.

ఖర్చు ఇబ్బంది అయితే డెంటల్ కాలేజీలు చూడండి. నార్కట్‌పల్లిలో కామినేని డెంటల్ కాలేజీ ఉంది, మిర్యాలగూడ నుంచి నల్లగొండ మీదుగా ఒకటే రోడ్డు. పాలమూరు వైపువాళ్లకు ఎస్వీఎస్, హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ. కాలేజీల్లో ఖర్చు సాధారణంగా తక్కువ, టైము మాత్రం ఎక్కువ పడుతుంది. పీజీ విద్యార్థి చేస్తారు, మాస్టారు చూస్తారు. పైన చెప్పిన నీలం కాగితం పనికి అక్కడ ఓపికగా కూర్చోబెడతారు.


మిల్లు గుమస్తా, మిర్యాలగూడ:

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. మూడు వేళ్లు పట్టాయి. గుట్కా అలవాటు లేదు. గురక ఉంది, ఊపిరి ఆగడం లాంటిది మాత్రం చూడలేదని మా ఇంటావిడ అంటోంది, డాక్టరుకు చెబుతాను. టీ సంగతి అడగకండి, కాంటా దగ్గర ఎవరు వచ్చినా ఒక టీ. టైలరక్క చెప్పాక గమనిస్తే క్యాలిక్యులేటర్ నొక్కుతున్నంత సేపూ నా పెన్ను పళ్ల మధ్యే ఉంది, మూతంతా గాట్లే. క్యాలిక్యులేటర్ మీద ఎర్ర స్టిక్కర్ అంటించాను. మా ఓనరు ఇదేం వాస్తు అని అడిగాడు.

గట్టిదే చేయిస్తాను. కడగడం ఎలా, దేంట్లో పెట్టాలి, ఎన్నాళ్లు వస్తుంది? ఇంకో విషయం, ఈ నెలాఖరుకు గడువు బియ్యం పంపేయాలి. అది అయ్యాక తీరిగ్గా వెళ్తే సరిపోతుందా?


ల్యాబ్ పని, పాలమూరు:

కడగడానికి చల్లటి నీళ్లు, మెత్తటి బ్రష్, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బో చేతులు కడిగే సబ్బో చాలు. పేస్టు వద్దు, అందులో ఉండే పొడి గీతలు పెడుతుంది, గీతల్లో పాచి చేరుతుంది. వేడి నీళ్లు అసలే వద్దు, వంకర తిరిగితే మళ్లీ నోట్లో కూర్చోదు. ఎండాకాలం బైకు డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి మర్చిపోయినా అదే గతి. పొద్దున తీయగానే కడిగి, గాలి ఆడే డబ్బాలో పెట్టండి. టిష్యూ కాగితంలో చుట్టి పెడితే ఎవరో ఒకరు చెత్తలో పారేస్తారు. ఇంట్లో కుక్క ఉంటే దానికి అందనీయకండి, వాటికి ఆ ఉమ్మి వాసన ఇష్టం. నమిలేసిన గార్డులు మా దగ్గరికి వచ్చాయి, బాగుచేయడానికి ఏమీ మిగలదు.

ఎన్నాళ్లంటే మీ కొరుకుడును బట్టి. పలచబడినా, బీట వచ్చినా, ఊగినా మార్చాలి. పళ్లు చూపించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ గార్డు కూడా వెంట తీసుకెళ్లండి, నీలం కాగితం మళ్లీ పెట్టి చూస్తారు. పొద్దున తీశాక కాసేపు పళ్లు సరిగ్గా కలవనట్టు ఉంటుంది, అది మామూలే. మధ్యాహ్నం దాకా అలాగే ఉంటే మాత్రం పెట్టుకోవడం ఆపి డాక్టరు దగ్గరికి పోవాలి. నాలుగు రాత్రులు పెట్టుకుని నాలుగు రాత్రులు మానేస్తే గార్డు బిగుతుగా అనిపిస్తుంది, మానకండి.

గడువు అయ్యాక అంటున్నారు. అది అయ్యేసరికి యాసంగి వడ్లు గేటు దగ్గరికి వస్తాయి అన్నా. క్యాపుకే రెండు మూడుసార్లు తిరగాలి, దాని తర్వాత గార్డు కొలత, మళ్లీ మాకు పని చేయడానికి కొన్ని రోజులు. ఈ వారంలోనే ఒక పొద్దున పోయి క్యాపు పని మొదలుపెట్టించండి. ఊడిన పెచ్చు దాచి ఉంటే అదీ, రూట్ కెనాల్ అప్పటి ఎక్స్‌రే ఉంటే అదీ పట్టుకెళ్లండి.